సూపర్‌హీరో అద్దె ఎవరు కడతారు?



ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆర్ట్స్ కాలేజీ భవనానిదీ బ్యాట్‌మన్‌దీ ఒకటే ఈడు. గులాబీ రంగు గ్రానైటుతో కట్టిన ఆ భవనాన్ని ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1939 డిసెంబరులో ప్రారంభించాడు. దానికి కొద్ది నెలల ముందు, అదే ఏడాది, అమెరికాలో ‘డిటెక్టివ్ కామిక్స్’ 27వ సంచికలో గబ్బిలం వేషం కట్టిన ఒక కోటీశ్వరుడు తొలిసారి అచ్చయ్యాడు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని గ్రూప్స్ పరీక్షలకు కరెంట్ అఫైర్స్ బట్టీ పట్టేవాళ్లకు ఈ సంగతితో పని లేదు. తార్నాకలో ఒక పాత ఇంటి పై పోర్షన్‌లో అద్దెకుంటున్న ఓ పరిశోధక విద్యార్థి మాత్రం కొత్తగా పరిచయమైన ఎవరికైనా ఈ ముచ్చట చెప్పందే వదలడు.

అతను ఈమధ్య చదివిన సూపర్‌హీరో కామిక్స్ మీద అతని అభిప్రాయాలే ఈనాటి ప్రసంగం. పేరు అక్కర్లేదు. అభిమాని అంటే చాలు.

హీరో ఎంత ఎత్తు ఎగురుతాడు, ఎన్ని టన్నులు మోస్తాడు అన్నవి ఈ అభిమానికి తర్వాతి సంగతులు. ముందు తేలాల్సినవి వేరే ఉన్నాయి. ఆ హీరో ఉండేది ఎక్కడ? చేసే ఉద్యోగం ఏమిటి? ఇంటి అద్దె ఎంత, నెలనెలా ఎవరు కడుతున్నారు? తార్నాకలో బ్యాచిలర్లకు తాళం తీసి ఇల్లు చూపించే ముందు ఓనర్లు అడిగేవీ సరిగ్గా ఇవే ప్రశ్నలు. వాటికి జవాబు చెప్పలేని కథ ఎంత గొప్ప బొమ్మలతో వచ్చినా అతని దగ్గర ఎక్కువ రోజులు నిలవదు. ఇది కాస్త మొండి కొలబద్దే. అయినా అతను చదివిన కామిక్స్‌ను ఈ కొలబద్ద పెట్టి చూస్తే, పత్రికల్లో వచ్చే సమీక్షలకు అందని కొన్ని సంగతులు బయటపడతాయి.

ముందు డబ్బు సంగతి చెప్పుకుందాం. 1938లో సూపర్‌మన్ కనిపించిన మొదటి సంచిక ధర 10 సెంట్లు. పిల్లలు తమ చిల్లర డబ్బులతో కొనుక్కోగల వస్తువు అది. ఇప్పుడు అమెరికాలో ఇరవై ముప్పై పేజీల సంచికకు నాలుగైదు డాలర్లు పెట్టాలి. అంటే మన డబ్బులో మూడు నాలుగు వందలు, పది నిమిషాల్లో చదివేసే కథకు. ఫెలోషిప్ ఎప్పుడు పడుతుందో తెలియని విద్యార్థి ఆ లెక్కన కొనలేడు. అందుకే అతను సంచికలు విడివిడిగా కొనడు. ఆరేడు కలిపి కుట్టిన సంపుటాలు చవకగా దొరికే దాకా ఆగుతాడు, లేదా స్నేహితుల దగ్గర తెచ్చుకుంటాడు. ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల బజారు అతనికి తప్పనిసరి యాత్ర. అక్కడ ఇంజినీరింగ్ గైడ్ల కింద అప్పుడప్పుడు పాత ఇంద్రజాల్ కామిక్స్ తగులుతాయి. 1964లో వేతాళుడి కథతో మొదలై 1990 దాకా నడిచిన ఆ వరసను సేకరించేవాళ్లు ఇప్పుడు పెరిగారు. ధర వినగానే అతను పుస్తకాన్ని మర్యాదగా యథాస్థానంలో పెట్టేస్తాడు.

ఇక బ్యాట్‌మన్. పాత బ్యాట్‌మన్‌ మీద ఈ అభిమానికి ఎప్పుడూ ఒక గుర్రు ఉంది. తాతల నాటి ఆస్తి, ఊరవతల పెద్ద బంగళా, వేళకు కాఫీ అందించే బట్లరు. రాత్రయ్యేసరికి వీధుల్లో చిల్లర దొంగలను పట్టుకుని కొట్టడం. దొంగతనం ఎందుకు చేస్తున్నారో ఆ కోటీశ్వరుడికి ఎలా తెలుస్తుందని అతని ప్రశ్న. 2024 అక్టోబరులో మొదలైన ‘యాబ్సల్యూట్ బ్యాట్‌మన్’ ఈ ప్రశ్నను నేరుగా ఎత్తుకుంది. రచయిత స్కాట్ స్నైడర్, చిత్రకారుడు నిక్ డ్రాగొట్టా కలిసి బ్రూస్ వేన్ దగ్గర బంగళా, బ్యాంకు ఖాతా, బట్లరు మూడూ లాగేసుకున్నారు. ఇతని తండ్రి బడిపంతులు. పిల్లలను జంతుప్రదర్శనశాలకు విహారయాత్రకు తీసుకెళ్లినప్పుడు జరిగిన కాల్పుల్లో చనిపోతాడు. తల్లి మార్తా బతికే ఉంది, నగర పాలనలో పనిచేస్తోంది. బ్రూస్ ఊరికోసం పనిచేసే ఇంజినీరు. అంటే మన దగ్గర జీహెచ్ఎంసీలో ఏఈ అనుకోవచ్చు. ఏ గోడ వెనక ఏముందో, ఏ వంతెన ఎంత బరువు మోస్తుందో తెలియడమే అతని ఆస్తి.

మరో మార్పు అభిమానికి ఇంకా నచ్చింది. మామూలు కథల్లో బ్యాట్‌మన్‌కు విలన్లుగా ఉండే ఆస్వాల్డ్, హార్వీ, ఎడ్వర్డ్, వేలన్ ఇందులో అతని చిన్ననాటి దోస్తులు. ఒకే పేటలో పెరిగినవాళ్లు. పేకాట ఆడుకుంటూ, ఒకరినొకరు వెక్కిరించుకుంటూ కనిపిస్తారు. వీళ్లలో ఎవరు ఎప్పుడు ఎటు మళ్లుతారో అన్న దిగులు పాఠకుడికి మొదటి నుంచీ ఉంటుంది. దీనికి ముసుగులు, కేపులు అక్కర్లేదు. ఉద్యోగం దొరికినవాడు, దొరకనివాడు, కండువా కప్పుకుని నాయకుడి వెనక తిరిగేవాడు, అందరూ ఒకే హాస్టల్ గదిలోంచి వచ్చిన సందర్భాలు ఉస్మానియాలో కొల్లలు.

అయితే అభ్యంతరాలూ ఉన్నాయి. డ్రాగొట్టా గీసిన బ్యాట్‌మన్ భుజాలు పేజీ అంచులు దాటిపోతాయి. గుండెల మీది గబ్బిలం గుర్తు ఊడి వచ్చి గొడ్డలి అవుతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ పేదింటి ఇంజినీరు అంటూ మొదలుపెట్టి, సంచిక సంచికకూ యంత్రాల పరిమాణం పెంచుకుంటూ పోతే, ఆ ఇనుమంతా ఏ పద్దు కింద వస్తోందని అభిమాని నిలదీస్తాడు. ఈ ప్రసంగం రాసినవారి దృష్టిలో అది మరీ ఆడిటర్ బుద్ధి. బొమ్మల కథలో కొంత అతి ఉండాల్సిందే.

స్పైడర్‌మన్ విషయంలో అద్దె ప్రశ్నకు మొదటి నుంచీ జవాబు ఉంది. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో ఆ కుర్రవాణ్ణి సృష్టించినప్పుడే ఇంట్లో డబ్బు లేదు. బాబాయి చనిపోయాడు, పిన్నికి మందులు కావాలి, కుర్రవాడు తన ఫోటోలే తాను తీసి పత్రికకు అమ్ముకుంటాడు. మధ్యతరగతి కష్టాన్ని సూపర్‌హీరో కథలోకి తెచ్చింది ఈ పీటర్ పార్కరే. తర్వాత అతను ఎదిగాడు. 1987లో మేరీ జేన్‌తో పెళ్లయింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2007లో, ప్రచురణకర్తలకు పెళ్లయిన హీరో ముసలివాడిలా కనబడ్డాడు. విడాకులు ఇప్పిస్తే బాగుండదని, ఒక దయ్యంతో బేరం కుదిర్చి ఆ పెళ్లే జరగనట్టు చెరిపేశారు. పాత పాఠకులు ఇప్పటికీ ఆ కథ పేరెత్తితే భగ్గుమంటారు.

ఆ కోపం కాస్తయినా చల్లారడానికి 2024 దాకా పట్టింది. ఆ ఏడాది జనవరిలో జొనాథన్ హిక్‌మన్ రచనతో, మార్కో కెక్కెట్టో బొమ్మలతో కొత్త ‘అల్టిమేట్ స్పైడర్‌మన్’ వచ్చింది. ఇందులో పీటర్‌కు ముప్పై దాటాయి. మేరీ జేన్ భార్య. రిచర్డ్, మే అని ఇద్దరు పిల్లలు. సాలీడు కుట్టాల్సిన వయసులో కుట్టలేదు, ఒక దుర్మార్గుడు అతని తలరాతను ముందే మార్చేశాడు. జీవితంలో ఏదో తప్పిపోయిందన్న వెలితితో ఉద్యోగం చేసుకుంటున్న మనిషి ఇంటికి ఆ శక్తి ఆలస్యంగా వస్తుంది. తీసుకోవాలా వద్దా అన్నది అతని ఇష్టం. ఇంకో తిరకాసు, ఇందులో పిన్ని చనిపోయింది, బాబాయి బెన్ బతికి ఉన్నాడు. పైగా ఆ బాబాయి, నోటి దురుసు సంపాదకుడు జేమ్సన్‌తో కలిసి, యజమానుల ఒత్తిడి తట్టుకోలేక ఉన్న పత్రిక వదిలేసి సొంతంగా మరో పత్రిక పెడతాడు. ఇద్దరు పెద్దమనుషులు ఆఫీసు వెతుక్కుంటూ, పోట్లాడుకుంటూ సాగే ఆ పేజీలను అభిమాని రెండేసి సార్లు చదివాడు. తలమాసిన విలన్లతో జరిగే యుద్ధాలను మాత్రం వేళ్లతో చకచకా తిప్పేశాడు.

ఈ వరసలో కాలం కూడా నిజంగా నడుస్తుంది. నెలకో సంచిక వస్తే కథలోనూ నెల గడుస్తుంది. పండగలు వస్తాయి, పిల్లలు ఎదుగుతారు. ఎనభై ఏళ్లుగా ఎదగని హీరోలకు అలవాటు పడ్డవాళ్లకు ఇది కొత్త రుచి. ఒక సంచిక మొత్తం రెండు జంటలు హోటల్లో భోంచేస్తూ మాట్లాడుకోవడంతో గడిచిపోతుంది. నాలుగు వందలు పెట్టి కొన్న స్నేహితుడు లబోదిబోమన్నాడు. అరువు తెచ్చుకున్న మన అభిమాని అది ఉత్తమ సంచిక అన్నాడు. ఎవరి డబ్బు అన్నదాన్ని బట్టి విమర్శ మారుతుందన్నది ఇందులో ఇంకో సంగతి.

ఇప్పుడు సూపర్‌మన్ దగ్గరికి వద్దాం. రేడియోలో మాట్లాడుతూ సూపర్‌మన్ గురించి తొందరగా ముగించడం న్యాయం కాదు. ఎందుకంటే అతనిలో సగం రేడియోలో పుట్టింది.

1940 ఫిబ్రవరి 12న న్యూయార్క్‌లో ‘సూపర్‌మన్ సాహసాలు’ అనే ధారావాహిక ప్రసారం మొదలైంది. కాగితం మీద అప్పటికి రెండేళ్లు కూడా నిండని పాత్ర అతను. బడ్ కొలియర్ అనే నటుడు క్లార్క్ కెంట్‌కు సన్నటి గొంతు, సూపర్‌మన్‌కు గంభీరమైన గొంతు ఇచ్చాడు. మాట మధ్యలోనే ఒక గొంతు దిగి రెండోది పలికేది. శ్రోత ఆ ఒక్క మార్పుతోనే కోటు విప్పి కేపు వేసుకున్నాడని గ్రహించేవాడు. పత్రికా సంపాదకుడు పెర్రీ వైట్ ఆ ధారావాహికలోనే పుట్టాడు. కుర్ర విలేకరి జిమ్మీ ఓల్సన్‌కు పేరూ ఊరూ అక్కడే కుదిరాయి. సూపర్‌మన్‌ను నీరసపరిచే ఆకుపచ్చ రాయి క్రిప్టోనైట్ 1943లో రేడియోలోనే వినిపించింది, కామిక్స్‌లోకి ఆరేళ్ల తర్వాత వచ్చింది. నటుడికి సెలవు ఇవ్వడానికి, హీరోను స్పృహ తప్పించి పడుకోబెట్టే ఉపాయంగా ఆ రాయిని కనిపెట్టారని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజమెంతో గానీ, రేడియో నాటకాలు చేసినవాళ్లెవరూ ఆ కథను కొట్టిపారేయలేరు.

1946 వేసవిలో ఆ ధారావాహిక ఒక సాహసం చేసింది. తెల్లజాతి దురహంకారుల రహస్య ముఠా కూ క్లక్స్ క్లాన్‌ను పోలిన ఒక సంఘాన్ని విలన్‌గా పెట్టి పదహారు భాగాల కథ నడిపింది. మెట్రోపొలిస్‌కు కొత్తగా వచ్చిన ఒక చైనీస్ కుటుంబం, బేస్‌బాల్ జట్టులో చోటు సంపాదించిన వాళ్ల అబ్బాయి, అతని వల్ల చోటు పోగొట్టుకున్న తెల్ల కుర్రాడు, ఆ కుర్రాడి బాబాయి చాటున ఉన్న ముఠా. పిల్లలు సాయంత్రం పూట వినే కార్యక్రమంలో ఇది వచ్చింది.

ఆ రేడియో కథను తీసుకుని చైనీస్ అమెరికన్ రచయిత జీన్ లుయెన్ యాంగ్ 2019లో ‘సూపర్‌మన్ స్మాషెస్ ద క్లాన్’ అనే కామిక్ రాశాడు. బొమ్మలు గురిహిరు అనే జపనీస్ చిత్రకారిణుల జంటవి. 2021లో దానికి కామిక్స్ రంగంలో ప్రతిష్ఠాత్మకమైన ఐస్నర్ పురస్కారాలు రెండు దక్కాయి. ఈమధ్య చదివినవాటిలో తార్నాక అభిమాని అన్నిటికన్నా పైన పెట్టిన పుస్తకం ఇదే.

కథ అదే 1946లో జరుగుతుంది. యాంగ్ అందులోకి రెండు కొత్త సంగతులు తెచ్చాడు. ఒకటి, అబ్బాయి టామీ కాకుండా అతని చెల్లెలు రాబర్టా కథకు కళ్లు. చైనాటౌన్ వదిలి తెల్లవాళ్ల పేటలో ఇల్లు తీసుకున్న కుటుంబం అది. అన్న తొందరగా కలిసిపోతాడు, జోకులు వేస్తాడు, తన జాతి మీద కూడా. చెల్లెలు కలవలేదు. తండ్రి డాక్టర్ లీ, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమని భార్యను పదేపదే హెచ్చరిస్తాడు. ఊళ్లనుంచి వచ్చి హైదరాబాద్ ఇంగ్లీషు మీడియంలో చేరిన ఏ ఇంటికైనా ఈ సన్నివేశానికి వివరణ అక్కర్లేదు. మొదటి సెమిస్టర్‌లో తన యాస దాచుకోవడానికి పడ్డ పాట్లు అభిమానికి ఇక్కడే గుర్తొచ్చాయి.

రెండోది ఇంకా బాగుంటుంది. ఈ కథ మొదట్లో సూపర్‌మన్ ఎగరడు. 1938 నాటి కామిక్స్‌లోనూ అతను దూకేవాడే తప్ప ఎగిరేవాడు కాదు. ఆ చరిత్రను యాంగ్ తెలివిగా వాడుకున్నాడు. ఎగిరితే జనం మనిషి కాదనుకుంటారని సూపర్‌మనే తన శక్తిని తొక్కిపెట్టుకుంటాడు. కరెంటు తీగల మీద పరుగెత్తుతూ వెళ్తాడు. అతను ఎగరగలడని ముందు గ్రహించేది రాబర్టా. వేరే గ్రహం నుంచి వచ్చి అమెరికా పల్లెటూరి కుర్రాడిలా నటిస్తున్నవాణ్ణి, వేరే పేట నుంచి వచ్చి ఒదిగి ఉండమని ఇంట్లో చెప్పించుకుంటున్న పిల్ల గుర్తుపట్టడంలో వింత లేదు. సూపర్‌మన్ సృష్టికర్తలు జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఇద్దరూ యూదు వలస కుటుంబాల పిల్లలే. హక్కులన్నీ 130 డాలర్లకు రాసిచ్చేశారు. సినిమా వాళ్లు కోట్లు గడించబోతున్న రోజుల్లో ఆ ఇద్దరూ గోల పెడితే, 1975లో ఏడాదికి 20 వేల డాలర్ల పింఛను ఇచ్చి, పేర్లు మళ్లీ వేశారు. హీరో అద్దె సంగతి సరే, హీరోను పుట్టించినవాళ్ల అద్దె సంగతి కూడా పుస్తకం వెనక ఎక్కడో రాయాలని అభిమాని పట్టు.

మన దేశపు స్పైడర్‌మన్ మీద మాత్రం అతనికి జాలి తక్కువ. 2004లో శరద్ దేవరాజన్, సురేశ్ సీతారామన్, జీవన్ కాంగ్ కలిసి ‘స్పైడర్‌మన్ ఇండియా’ తెచ్చారు. ముంబై కుర్రాడు పవిత్ర్ ప్రభాకర్, స్నేహితురాలు మీరా జైన్, బాబాయి భీమ్, పిన్ని మాయ, విలన్ నళిన్ ఒబెరాయ్. అసలు పేర్లు పక్కన పెట్టుకుంటే ఎవరు ఎవరో పిల్లలు కూడా చెప్పేస్తారు. సాలీడు బదులు ఒక యోగి శక్తిని ప్రసాదిస్తాడు, ప్యాంటు బదులు పంచె. నాలుగు సంచికలతో ఆ వరస ముగిసింది. జీవన్ కాంగ్ బొమ్మల్లో గోడలెక్కే పంచె కుచ్చిళ్లు ఇప్పటికీ బాగుంటాయి. కానీ ఆ ముంబైలో లోకల్ రైలు పాసు ఎంతో తెలిసినవాడు ఒక్కడూ లేడని అభిమాని విసురు. 2023లో ‘అక్రాస్ ద స్పైడర్‌వర్స్’ సినిమాలో అదే పవిత్ర్ ముంబాట్టన్ అనే ఊళ్లో, ట్రాఫిక్ మీద దూకుతూ, జుట్టు సవరించుకుంటూ వచ్చాడు. మన దేశంలో తెలుగుతో కలిపి పది భాషల్లో విడుదలైంది. తెర మీద పది నిమిషాల్లో ఆ కుర్రాడు సంపాదించుకున్న చనువు కాగితం మీద నాలుగు సంచికలకు రాలేదు. ఆ ఏడాదే నికేశ్ శుక్లా రచనతో, అభిషేక్ మల్సుని బొమ్మలతో కొత్త కామిక్ వచ్చింది. చదివించింది, పెద్దగా వెంటాడలేదు.

ముంబైలో పుట్టి లండన్‌లో స్థిరపడిన రామ్ వి సంగతి వేరు. బ్యాట్‌మన్ పుట్టిన ఆ ‘డిటెక్టివ్ కామిక్స్’ పత్రికకే 2022 నుంచి 2024 దాకా రచయితగా ఉన్నాడు. అభిమానికి నచ్చింది మాత్రం ఫిలిప్ ఆంద్రాదె బొమ్మలతో అతను రాసిన ‘రేర్ ఫ్లేవర్స్’. ఏకచక్రపురంలో బండెడు అన్నం తిని, బండి తోలుకొచ్చినవాణ్ణీ తినే బకాసురుడు మనకు తెలుసు. వాడు ఈ కాలంలో రూబిన్ బక్ష్ అనే భారీ మనిషిగా, తన మీద వంటల డాక్యుమెంటరీ తీయమని ఓడిపోయిన ఒక కుర్ర దర్శకుణ్ణి పట్టుకుని దేశమంతా తిరుగుతాడు. చాయ్ కాచేవాడి చరిత్ర, వంటవాళ్ల జీవితాలు, మధ్యమధ్య మాయమయ్యే మనుషులు. సూపర్‌హీరో కథ కాదు. కానీ పురాణాన్ని రోడ్డు మీదికి దించితే ఎలా ఉంటుందో తెలియాలంటే ఇది చదవాలని అతను అందరికీ చెబుతున్నాడు.

ఇక్కడినుంచి మాట సహజంగానే తెలుగులోకి మళ్లుతుంది. కోఠీలో గానీ కాచిగూడలో గానీ పుస్తకాల షాపుకు వెళ్లి తెలుగులో అచ్చయిన బ్యాట్‌మన్ ఇమ్మంటే అడిగినవాణ్ణి వింతగా చూస్తారు. విచిత్రం ఏమిటంటే, ఉస్మానియా పునాదుల్లోనే అనువాదం ఉంది. తరగతులు మొదలవకముందే, 1917లో, అనువాద విభాగం పెట్టి వైద్యం, న్యాయం, భౌతికశాస్త్రం పుస్తకాలను ఉర్దూలోకి దింపిన చోటు ఇది. ఇక తెలుగు పిల్లలకు 1947 నుంచి చందమామ ఉండేది. అమరచిత్రకథలు తెలుగులో వచ్చాయి. మాంత్రికులు, రాక్షసులు, మాట్లాడే భేతాళుడు పుష్కలంగా ఉన్నప్పుడు బయటి ముసుగు వీరుడి కోసం ఎవరూ వెతుక్కోలేదు. రంగుల అచ్చు ఖర్చు, హక్కుల బేరం ఎలాగూ ఉన్నాయి. ఆ ఖాళీని సినిమా నింపింది.

1980లోనే ఎన్టీ రామారావు ‘సూపర్‌మన్’ చేశాడు. వి. మధుసూదనరావు దర్శకుడు. ఆ హీరోకు శక్తులిచ్చింది క్రిప్టాన్ గ్రహం కాదు, సాక్షాత్తు ఆంజనేయస్వామి. నలభై నాలుగేళ్ల తర్వాత, 2024 సంక్రాంతికి, ప్రశాంత్ వర్మ తీసిన ‘హనుమాన్’లోనూ దాత ఆయనే. ఈ రెండోదాన్ని అభిమాని ఒక కారణానికి మెచ్చుకుంటాడు. అందులో విలన్ మైకేల్ చిన్నప్పటినుంచీ సూపర్‌హీరోల పిచ్చిలో పెరుగుతాడు. గొప్ప హీరోలందరూ అనాథలే కదా అని లెక్కవేసి, తల్లిదండ్రులనే చంపేస్తాడు. బ్యాట్‌మన్, సూపర్‌మన్, స్పైడర్‌మన్ అందరి పుట్టుకథల మీదా ఇంత చేదైన చమత్కారం కామిక్స్ రాసేవాళ్లు కూడా అరుదుగా చేశారు. హీరో హనుమంతు చిల్లర దొంగ కావడం, అతనికి దొరికిన రాయిలోని శక్తి ఎండ ఉన్నంతసేపే పనిచేయడం కూడా మంచి కట్టుబాట్లు. చివరి అరగంటలో ఆ కట్టుబాట్లు భక్తిలో కొట్టుకుపోయాయని అతని ఫిర్యాదు. థియేటర్లో పక్కసీటువాళ్లు ఆ అరగంట కోసమే వచ్చారన్నది దానికి సమాధానం.

బాహుబలి కూడా బొమ్మల్లోకి వెళ్లాడు. 2017లో ఆర్కా మీడియాతో కలిసి యానిమేషన్ ధారావాహిక తీసిన గ్రాఫిక్ ఇండియా సంస్థ వెనక ఉన్నది, పంచె కట్టిన స్పైడర్‌మన్ సృష్టికర్తల్లో ఒకరైన శరద్ దేవరాజనే. రాజకుమారుల కథ కాబట్టి అద్దె ప్రశ్న లేదు, అభిమానికి ఆసక్తీ లేదు. అతని ఓటు తోటరాముడికి. 1951 నాటి ‘పాతాళభైరవి’లో తోటమాలి కొడుకు, చేతిలో శక్తి లేకుండానే మాంత్రికుడి ముందు నిలబడ్డవాడు.

‘కల్కి 2898 ఏడీ’ని కూడా ఈ వరసలో చేర్చాలి. 2024 జూన్‌లో వచ్చిన నాగ్ అశ్విన్ సినిమా. నీళ్లు ఎండిపోయిన కాశీలో ప్రభాస్ వేసిన భైరవ కూలికి మనుషులను పట్టిచ్చేవాడు. మాట్లాడే కారు ఉంది, ఎంతమందినైనా కొట్టగల చేతులున్నాయి. పైన ఉన్న స్వర్గంలాంటి కాంప్లెక్సులోకి వెళ్లడానికి చాలినన్ని యూనిట్లు లేవు. ముఖ్యంగా, అద్దె బకాయి ఉంది. ఇంటి ఓనర్ బ్రహ్మానందం. సినిమా మొత్తంలో భైరవ నిజంగా తప్పించుకు తిరిగేది ఆ ఒక్కడినే. మహాభారతంతో ముడిపెట్టిన అంత పెద్ద కథలో మిగతావాళ్లు అశ్వత్థామ గురించి చర్చించుకుంటుంటే, తార్నాక అభిమాని ఆ ఓనర్ సన్నివేశాలు సరిపోలేదని బాధపడ్డాడు.

ఈ అద్దె సిద్ధాంతాన్ని ఎదురుగా నిలబడి కొట్టేసింది మాత్రం విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఈఫ్లూలో ఫ్రెంచ్ చదువుతున్న అతని స్నేహితురాలు. అద్దె కట్టగలగడమే కష్టమనుకునేది మగవాళ్లని ఆమె వాదన. ఆడపిల్లకు అంతకన్నా ముందు ప్రశ్న ఇంకొకటి ఉంది, రాత్రి బయటికి ఎలా వెళ్లాలి? రుజువుగా 2014 నాటి ‘మిస్ మార్వెల్’ మొదటి సంపుటిని అతని చేతిలో పెట్టింది. జి. విల్లో విల్సన్ రచన, ఏడ్రియన్ అల్ఫోనా బొమ్మలు. జెర్సీ సిటీలో ఉండే పదహారేళ్ల పాకిస్తానీ అమెరికన్ అమ్మాయి కమలా ఖాన్. అమ్మానాన్నలు పార్టీకి పంపనంటే కిటికీలోంచి దిగి వెళ్తుంది, ఆ రాత్రే శక్తులు వస్తాయి. ఈత దుస్తులైన బుర్కినీని కత్తిరించి యూనిఫాం చేసుకుంటుంది. లోకాన్ని కాపాడి తిరిగొచ్చాక అమ్మకు దొరక్కుండా గదిలోకి చేరడం ప్రతి సంచికలో రెండో యుద్ధం. హాస్టల్ గేటు మూసే వేళతో జీవితం గడిపే అమ్మాయికి ఇది కల్పనగా కనిపించదు. 2015లో ఆ సంపుటికి హ్యూగో పురస్కారం వచ్చింది. అతను ఒక్క రాత్రిలో చదివి, రెండో సంపుటి ఉందా అని అడిగాడు. వాదన ఓడిపోయినట్టు మాత్రం ఎక్కడా ఒప్పుకోలేదు.

ఆమె ఫోన్లో చూపించిన ఇంకో పుస్తకం మీద ఇద్దరూ కలిసి తలపట్టుకున్నారు. తెలుగు ఇంటిపేరున్న అమెరికా దర్శకుడు రామ్ దేవినేని 2012 ఢిల్లీ అత్యాచార ఘటన తర్వాత తలపెట్టి, 2014 చివర్లో తెచ్చిన ‘ప్రియాస్ శక్తి’ అది. అత్యాచారానికి గురై, ఇంటివాళ్లే వెళ్లగొట్టిన ప్రియ పార్వతీదేవి అండతో పులినెక్కి తిరిగి వస్తుంది. డ్యాన్ గోల్డ్‌మన్ బొమ్మలు. నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. తర్వాతి భాగాలు యాసిడ్ దాడుల మీద, అమ్మాయిల అక్రమ రవాణా మీద, కరోనా మీద వచ్చాయి. అత్యాచార బాధితురాలిని హీరోగా నిలబెట్టడం చిన్న విషయం కాదని ఇద్దరూ ఒప్పుకున్నారు. పాత్రలు మాట్లాడుకోవడం మానేసి ఉపన్యాసాలు ఇస్తున్నాయని కూడా ఇద్దరిదీ ఒకే మాట. పులి దిగాక ప్రియ ఏ వీధిలో ఉంటుంది, ఎవరింట్లో పడుకుంటుంది, పొద్దున ఏ పనికి పోతుంది అని అతను అడిగాడు. ఆ వీధిలో రాత్రి తొమ్మిదింటికి దీపాలు వెలుగుతాయో లేదో ముందు గీయమని ఆమె అంది.